నా జీపుకి మొలిసిన ఇనుము

ఈ కబురు ముందు నాకు సెప్పినోడు పైడిరాజు. ఇదిగో, నా పక్కనే కూకుని టీ ఊదుకుంటన్నాడు. మా బామ్మర్ది నానాజీ తన వేనుకి తుప్పు పట్టకుండా కరెంటు డబ్బా ఒకటి బిగించేడంట. అగ్గిపెట్టంత డబ్బా, దానికో పచ్చదీపం. ఆ దీపం సూడ్డానికి బెల్లం మార్కెట్టు నుంచి జనం ఆడి అరుగు మీదకి పోతన్నారంట. పోనీ. కానీ సిన్నమ్మలు కూడా పోయొచ్చిందంట. ఈ టీ కొట్టు ఆవిడదే. పెద్దకూతురు సుప్రియని అత్తోరింటికి నా జీపు మీదే పంపింది. ఇప్పుడు రెండోది ధనశ్రీ పెళ్ళికి నానాజీ వేను మాటాడతాదంట. ఈ వీధి పెళ్ళికూతురు నా జీపు కాక ఇంకో బండెక్కడం నేను బతికుండగానే సూడాలా?

అందుకే ఆవిడకి వినపడేలా సెప్తన్నాను. తుప్పుకి కరెంటు మందు కనిపెట్టింది ఆడు కాదు, నేను. ఆడికి వేను లేనప్పుడే, పాత రేడియోలోంచి తీగలు లాగి, ఒక కొస బేటరీకి, ఒక కొస జీపు బాడీకి కట్టేను. వానాకాలమంతా బెల్లం దిమ్మలు మోసేను. బెల్లం నీరు కారితే ఇనుము ఏటవుతాదో మీకు తెలీదా? నా జీపుకి సుక్క తుప్పు లేదు.

"సుక్క కూడా లేదా మావా?" అన్నాడు పైడిరాజు.

లేదురా. పట్టకపోవడం ఒక గొప్పా? అంతకుముందు పట్టిన తుప్పు కూడా ఎనక్కెళిపోనాది. మడ్‌గార్డు కన్నం, పుండు మానినట్టు, అంచుల్నించి పూడిపోనాది. ఆ తర్వాత ఏటైందో తెలుసా? కె. కోటపాడులో జీపు ఆపి సోడా తాగుతంటే పక్కనే మాడుగుల బస్సు ఆగింది. నా కరెంటు గాలికి బస్సంతా కొత్తదైపోనాది. కండక్టరు దిగి సూసి, ఇది నా బస్సు కాదని డిపోకి ఫోను సేసేడు. ఎక్కినోళ్ళు దిగిపోయేరు, పాత బస్సు వత్తేగానీ ఎక్కమని.

"వచ్చిందేటి మరి?"

ఎలాగొత్తాది, అదే ఇది గదా. పొద్దుగూకీదాకా రోడ్డు మీదే ఉన్నారు.

మా ఆవిడ కాసులమ్మ మోకాళ్ళు కిర్రుమనీవి. జీపులో కూకోబెట్టి ఊరు సుట్టూ తిప్పేను, సప్పుడు పోనాది. నీ తమ్ముడికి ఈ సంగతి సెప్పొద్దన్నాను. సెప్పేసింది. ఆడి బుర్రలోకి డబ్బా అలాగ ఎక్కింది. ఆడి గృహప్రవేశంలో నాకు హల్వా ఆఖర్న పెట్టేడు, గిన్నె గీకి. నేనది మర్సిపోలేదు.

"హల్వా వొగ్గీ మావా, ఇనుము సంగతి కానీ."

ఇనుమా. కన్నం పూడి ఊరుకుంటే నాకీ బాధెందుకు? గోళ్ళలాగ పెరగడం మొదలెట్టింది. కత్తిరిత్తే మళ్ళీ వచ్చీది. ఆ ముక్కల్తో కొడవళ్ళు సేయించి సెరుకు కొట్టీవోళ్ళకి పంచేను. ఎస్. రాయవరం దాకా ఏ తోటలో సూడు, నా మడ్‌గార్డే సెరుకు నరుకుతాది. ఒకపాలి కత్తిరించడం మర్సిపోయి పొరుగూరెళ్ళేను. తిరిగొచ్చేసరికి జీపుకి ఎనకాల ఇంకో తలుపు మొలిసేసింది, గొళ్ళెంతో సహా.

సిన్నమ్మలు గరిట పక్కన పెట్టి, కొట్టెనక ఇంట్లోకెళ్ళింది. వచ్చి బెంచీ మీద నా పక్కన ఒకటి ఎట్టింది. పూసలు కుట్టిన ఎర్ర జోడు. ఒక కాలిదే.

"మా సుప్రియది బావా. రెండో కాలిది నీ జీపు అడుగు కన్నంలోంచి కోటపాడు రోడ్డు మీద జారిపోనాది. పిల్ల ఒంటి జోడుతో అత్తోరింటి ముందు దిగింది. తలుపు మొలిసిన జీపుకి అడుగు మొలవలేదేటి? నానాజీ డబ్బా పన్జేత్తాదో లేదో నాకు తెలీదు. ఆడి వేనుకి అడుగుంది."

పైడిరాజుకి టీ ముక్కులోకెక్కింది. నవ్వనీ. ఇది కూడా గుర్తెట్టుకుంటాను.

ఒరే పైడిరాజూ, కబురు మోసుకొచ్చినోడివి నువ్వే కాబట్టి సరిదిద్దాల్సినోడివీ నువ్వే. నానాజీ అరుగు మీదకెళ్ళి పదిమందిలో సెప్పు, ఆ కన్నం తుప్పుది కాదు, పెళ్ళికూతురి కాళ్ళకి గాలి తగలాలని నేనే పెట్టించేనని. పన్లో పని, ఆ పచ్చదీపం ఆరిపోయిందేమో కూడా సూసి రా.