పదహారో సీటు మతిమరుపు

ఖాళీగా ఉన్న పదహారో నంబరు సీటు దానంతటదే వెనక్కి వాలింది. ఎదుట కూర్చున్న రైలు మెకానిక్, దాని పక్క సీటులోని పెద్దావిడ వైపు చూశాడు.

"నడుం వాల్చమని సీటిస్తే, సీటే నడుం వాలుస్తోందని కంప్లైంటమ్మా. బోగీ అంతా హడలిపోతోంది."

"హడలెందుకు బాబూ? అది మావారి సీటు. నాలుగేళ్లు రోజూ అందులోనే కునుకు తీశారు."

"ఇప్పుడాయన?"

"పోయి రెండు నెలలు. ఆయన పాసు నా సంచిలోనే ఉంది."

మెకానిక్ ఊపిరి పీల్చుకుని బోగీ అంతటికీ వినబడేలా చెప్పాడు. "సీటుకు పట్టింది పూనకం కాదండీ, జ్ఞాపకం. పాసును గుర్తుపట్టి, ఎవరి అలవాటు ప్రకారం వాళ్లకు వాలుతుంది, వాళ్ల స్టేషన్‌లో లేపుతుంది. పోయినాయన పాసు ఈవిడ దగ్గరుంది, అంతే."

అందరూ నవ్వారు. అతను గొంతు తగ్గించాడు.

"ఈ మీట నొక్కితే ఆయన్ని మర్చిపోతుందమ్మా. నొక్కక తప్పదు."

"ఆయన స్టేషన్ దాకా ఆగు బాబూ. మధ్యలో లేపితే ఆయనకు చిరాకు."

"సరే, ఆగుతాను."

రైలు నెమ్మదించింది. సీటు రెండుసార్లు మెల్లగా కదిలి, నిటారుగా లేచింది.

"దిగుతున్నారు," అందావిడ.

అందరికీ అంత వివరంగా చెప్పిన మెకానిక్, దారికి అడ్డంగా ఉన్న తన కాళ్లు వెనక్కి ముడుచుకున్నాడు.