బ్రేకన్న కోసం ఎవరు లేవాలి?

వెనక తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళు కాస్త ముందుకి జరగండి. ముందు చోటుంది. ఏం చేయను, కండక్టర్ని. నలుగురు గుమిగూడితే నా నోట్లోంచి ముందొచ్చే మాట అదే. బ్రేకన్న ఉంటే ఈపాటికి అద్దంలోంచి నా వంక చూసి నవ్వేవాడు.

డిపో సోదరులారా, అక్కచెల్లెళ్ళారా, ఇన్నేళ్ళూ మా బస్సెక్కి ఈరోజు పనులు మానుకుని వచ్చిన పెద్దలారా, అందరికీ నమస్కారం. మొదటి వరసలో కూర్చున్న ప్రజాప్రతినిధి గారికీ నమస్కారం. మీరొస్తారని అనుకోలేదు. వచ్చారు, మంచిదే అయింది. ఇక్కడున్న వాటిలో పెద్ద పుష్పగుచ్ఛం మీదే. ఇదిగో, నా పక్కన చక్రాల కుర్చీలో ఉన్నావిడ మా వదిన, బ్రేకన్న భార్య. పూలు పెట్టేటప్పుడు మీరు ఆవిడ వంక చూడలేదు, అందుకని చెబుతున్నాను.

ఆయనకి ఆ పేరు పెట్టింది ప్రయాణికులు. ఆయన బ్రేకు వేస్తే బస్సు ఆగిన సంగతి తెలిసేది కాదు. నిలబడ్డ ముసలమ్మ చేతిలో పాల గ్లాసున్నా తొణికేది కాదు. నేను ఆయన బస్సులో ఏళ్ళ తరబడి పని చేశాను. ఒక్కసారి కూడా ఎవరి మీదా తూలి పడలేదు. వేరే డ్రైవర్లతో వెళ్ళిన రోజు మాత్రం ఒళ్ళు హూనమయ్యేది. నవ్వండి, నవ్వండి, అది ఎవరెవరో వాళ్ళకే తెలుసు.

ఒకరోజు వానలో, ఆసుపత్రి స్టాపు దగ్గర, చంకకర్రలతో ఒకావిడ వీధి చివర్నించి వస్తోంది. ఆవిడ ఎప్పటికి చేరుతుంది? బస్సు నిండా ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు. పోనీవయ్యా అని ఒకటే గోల. నేను కూడా బెల్లు కొట్టాను. ఆయన కదల్లేదు. ఆవిడ వచ్చి, ఎక్కి, కూర్చుని, కర్రలు సర్దుకున్నాకే గేరు వేశాడు. డిపోలో ఆలస్యానికి సంజాయిషీ అడిగితే ఆయన చెప్పింది ఒక్కటే మాట. "లేటైతే మీరు నన్ను తిడతారు, అంతే కదా. ఆవిణ్ణి వదిలేస్తే ఇంకెవరు ఎక్కించుకుంటారు?"

అలాంటి మనిషి ఇంట్లోనే వదినకి పక్షవాతం వచ్చింది. కుడి పక్క పూర్తిగా పడిపోయింది. మాట పోయింది. కానీ ఆ రోజుల్లో సర్కారు సాయం ఒకటి ఉండేది, అందరికీ తెలుసు. పొద్దున్నే ఒక ఆయమ్మ ఇంటికొచ్చేది. వదినకి ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, మంచం మీద నుంచి కుర్చీలోకి చేర్చేది. అది ఎవరి దయాధర్మం కాదు. జీతంలోంచి పట్టుకున్న పన్నుల్లోంచి వచ్చిన హక్కు. ఆ ఆయమ్మ వస్తే ఆయన నిశ్చింతగా డ్యూటీకి వచ్చేవాడు. ఆయన గుండెకి ఆపరేషన్ అయ్యాక డాక్టరు బరువులెత్తొద్దని గట్టిగా చెప్పాడు. అప్పటికీ ఇబ్బంది రాలేదు. ఎందుకు రాలేదు? ఆయమ్మ ఉంది కాబట్టి.

ఎన్నికల ముందు మీరు మా డిపోకి వచ్చారు, ప్రతినిధి గారూ. బ్రేకన్న బస్సెక్కి, ఆయన సీట్లో కూర్చుని, స్టీరింగ్ పట్టుకుని ఫోటో దిగారు. ఇంకొకరి సీట్లో అడక్కుండా కూర్చోవడం మాలో పద్ధతి కాదు. అయినా ఆయన ఏమీ అనలేదు. కిటికీ దగ్గర నిలబడి అడిగాడు. "బాబూ, ఆ ఇంటి సాయం తీసేస్తారంటున్నారు. అది పోతే మా ఆవిడ మంచం దిగలేదు." మీరు స్టీరింగ్ మీద చెయ్యి వేసి ఏమన్నారో ఈ హాల్లో సగం మంది విన్నారు. "నేను బతికుండగా దాని జోలికి ఎవర్నీ రానివ్వను పెద్దాయనా" అన్నారు. ఆయన ఆ మాట పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. మీకు ఓటెయ్యమని మా అమ్మతో సహా అందరి కాళ్ళావేళ్ళా పడ్డాడు.

ఇక సభలో ఆ ఇంటి సాయం కోత మీద ఓటు పెట్టిన రోజు సంగతి చెప్పాలి. అది చెప్పాలంటే ముందు మా డిపో మీటింగుల పద్ధతి చెప్పాలి, లేకపోతే బయటివాళ్ళకి అర్థం కాదు. మేం చేతులెత్తం. ఏదైనా మాట వస్తే ఒప్పుకున్నవాళ్ళు కూర్చునే ఉంటారు, కాదనేవాళ్ళు లేచి నిలబడతారు. రోజంతా సీట్లో కూర్చుని నడుము పట్టేసిన డ్రైవరు ఊరికే లేవడు. లేచాడంటే గట్టి సంగతే ఉందన్నమాట.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్ టీవీలో సభ నడుస్తోంది. మాట సరిగ్గా వినపడలేదు, వంటగిన్నెల చప్పుడు. ఉన్నట్టుండి తెర మీద మీరు లేచి నిలబడ్డారు. బ్రేకన్న కూడా కుర్చీలోంచి లేచాడు. "లేచాడర్రా! మనవాడు లేచాడు! మన కోసం లేచాడు!" అని చప్పట్లు. మేమూ చప్పట్లు కొట్టాం. ఆయన అందరికీ టీ చెప్పాడు. చేతిలో టీ ఉండగానే కింద అక్షరాలు వచ్చాయి. కోత నెగ్గింది. ఆ సభలో అవునన్నవాళ్ళే లేస్తారట. కోతకి అవునన్నవాళ్ళు! మాకేం తెలుసు? మా లోకంలో లేచి నిలబడితే అడ్డుకోవడం. ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టి, ఎవరి వంకా చూడకుండా బస్సు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ మొహం నేను చచ్చేదాకా మర్చిపోను.

తర్వాత మీరు విలేకరులకి చెప్పారు, ఇది కోత కాదు, సర్దుబాటు అని. ఎంత మాట! సర్దుకోవడం గురించి నాకా చెబుతారు? రోజూ వందసార్లు సర్దుకోండమ్మా, సర్దుకోండయ్యా అని అరిచేదాన్ని నేను. సర్దుకోవడమంటే కూర్చున్నవాళ్ళు కాస్త జరిగి ఇంకొకరికి చోటివ్వడం. లేవలేని మనిషిని సీట్లోంచి లాగి రోడ్డు మీద పడేయడం కాదు. సిగ్గుండాలి ఆ మాట అనడానికి!

ఆయమ్మ రావడం మానేసింది. ఆవిడ తప్పు లేదు, పాపం, ఆవిడ పనీ పోయింది. బ్రేకన్న రిటైర్మెంటుకి ముందే ఉద్యోగానికి దణ్ణం పెట్టి ఇంట్లో కూర్చున్నాడు. మాకేమన్నాడు? "పక్కింటి కుర్రాళ్ళు సాయం పడుతున్నారమ్మా, నువ్వు బెంగ పెట్టుకోకు" అన్నాడు. అబద్ధం. రోజూ తనే ఎత్తాడు. డాక్టరు వద్దన్న బరువుని, తనకి మాత్రం బరువు కాని మనిషిని, రెండు చేతులతో ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాడు.

పోయిన ఆదివారం పొద్దున కూడా ఎత్తాడు. కూర్చోబెట్టి, కాళ్ళు సర్ది, వంగి కుర్చీ చక్రాలకి బ్రేకు వేశాడు. అప్పుడు పడిపోయాడు. వింటున్నారా? గుండె ఆగిపోతున్నా బ్రేకు మాత్రం వేశాడు, ఆవిడ జారి పడకూడదని. వదిన చెయ్యి ఆ బ్రేకుకి అందలేదు. కింద పడ్డ ఆయన దాకా కూడా అందలేదు. అరవడానికి మాట లేదు. పని చేసే ఆ ఒక్క చేత్తో గ్లాసు పట్టుకుని కుర్చీ కమ్మీ మీద కొడుతూనే ఉంది. పక్కింటివాళ్ళు ఎవరో మేకులు కొడుతున్నారనుకున్నారు. వాళ్ళు తలుపు తీసేసరికి అంతా అయిపోయింది.

గుండెపోటు అని రాశారు ఆసుపత్రిలో. రాసుకోనివ్వండి. ఆయన్ని ఏది చంపిందో నాకు తెలుసు, మీకు తెలుసు, మొదటి వరసలో ఉన్న ఈయనకీ తెలుసు.

వదినని ఇప్పుడు మేం డిపో ఆడవాళ్ళం వంతులేసుకుని చూస్తున్నాం. చూస్తాం, వదినా, నువ్వు కంగారు పడకు. కానీ మందులు మేం తయారు చేయలేం. మిగిలింది ఆ ఉచిత మందుల సాయమే. వచ్చే వారం దాని మీద కూడా ఓటుందట. అది పోతే ఈవిడకి ఇంకోసారి పక్షవాతం రావడానికి ఎక్కువ రోజులు పట్టదని డాక్టరు మా మొహం మీదే చెప్పాడు.

ప్రతినిధి గారూ, మీరు రెండు మాటలు మాట్లాడతారని కబురు పంపారు. వద్దు. మీ మాటలు మా దగ్గర చాలా ఉన్నాయి. మీరు చేయాల్సిన పని ఇంకొకటుంది.

మిత్రులారా, ఇప్పుడు బ్రేకన్న కోసం అందరం లేచి నిలబడదాం. తలవంచి మౌనంగా ఉందాం. మా పద్ధతి మీకు చెప్పాను కదా, మేం లేచామంటే కాదంటున్నామని. లేవండి, అన్నలారా. లేవండి, అక్కా.

మీరు కాదు, ప్రతినిధి గారూ. మీరు కూర్చోండి. ఈ హాల్లో ఇద్దరే కూర్చుని ఉంటారు, లేవలేని మా వదిన, మీరు. మేం మౌనంగా ఉన్నంతసేపూ ఆవిడ మొహం చూడండి. వచ్చే వారం అవునన్నవాళ్ళు లేవండి అని సభలో పిలిచినప్పుడు, ఇదిగో, ఇలాగే కూర్చోవాలి.