చంకలో సెన్సర్

సారంగపాణి చెయ్యలేని పనంటూ లేదు. కట్టమ్మ ఛాయ్ హోటల్ బెంచీ మీద కూర్చున్నంతసేపూ లేదు. లేచి రోడ్డు దాటి తన మెకానిక్ షెడ్డులోకి వెళ్లాడంటే మాత్రం ఒక్క బండీ ఓ పట్టాన అతని మాట వినదు. ఈ సంగతి ఖిలా వరంగల్ దారిలో అందరికీ తెలుసు. జోయెల్‌కే కాస్త ఆలస్యంగా తెలిసింది.

జోయెల్ టాక్సీ ఇప్పుడు ఆ షెడ్డులోనే బానెట్ తెరుచుకుని ఉంది. ఇంజను చల్లగా ఉన్నా వేడి చూపే మీటరు ముల్లు ఎర్రగీత దాకా పోతుంది, ఫ్యాను ఆగకుండా తిరుగుతుంది, ఒక్కోసారి బండి నడిరోడ్డు మీదే ఆగిపోతుంది. వేడిని కొలిచే సెన్సర్ కొత్తది వేసినా అదే వరస. అక్కడ పరకాలలో అతని పెద్దమ్మ సారమ్మ తయారై, రోడ్డు పక్క వాకిట్లో కూర్చుని ఉంది. పన్నెండింటికి హన్మకొండ దవాఖానలో ఆమెకు డయాలసిస్. ఆలస్యమైతే ఆ బెడ్డు ఇంకొకరికి ఇచ్చేస్తారు, రాత్రికి ఆమెకు ఊపిరి ఆడదు. బండి అవుతుందా, కాదా? ఆ ఒక్క మాట కోసం జోయెల్ పొద్దున్నుంచి బెంచీకి అతుక్కుపోయాడు. అడిగినప్పుడల్లా సారంగపాణి "అయిపోయినట్టే అనుకో తమ్మీ, ఛాయ్ తాగి లేస్త" అంటున్నాడు. ఇది ఎన్నో ఛాయో లెక్కపెట్టే ఓపిక కూడా జోయెల్‌కు లేదు.

"నీ బండిదేమున్నది," అన్నాడు సారంగపాణి సాసర్లోకి ఛాయ్ ఒంపుకుంటూ. "నర్సంపేట రైస్ మిల్లు సేటు బండిది కథంటే. గిదే రోగం. ఎంతమంది చూసిండ్రో, ఒక్కనికి దొరకలే."

సెన్సర్ ప్లగ్గు పీకి చూశాడట, అయినా ముల్లు ఎర్రగీత మీంచి కదల్లేదట. అంటే సెన్సర్ మంచిదే, వైరే ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతోందని పట్టేశాడట. ఇక్కడిదాకా నమ్మొచ్చు, పని తెలిసిన మెకానిక్ ఎవరైనా చేసేదే. జోయెల్‌కు కొంచెం ఆశ కూడా కలిగింది. నా బండికీ అట్లనే చూసినవా అన్నా అని అడగబోయాడు. అడగనిస్తేగా.

వైరు ఎక్కడ ఒరుసుకుందో తేల్చడానికి సారంగపాణి కరెంటు చూసే మీటరు పెట్టలేదట, వైరు కొసనే నాలుక మీద పెట్టుకున్నాడట. ఉప్పగా ఉంటే బ్యాటరీ దగ్గర, చప్పగా ఉంటే డాష్‌బోర్డు వెనక. ఈ విద్య చూడటానికి కంపెనీ ఇంజనీర్లు విమానం దిగి వచ్చారట. బండికి తగిలించిన వాళ్ల ల్యాప్‌టాప్ నూట నలభై డిగ్రీలు చూపిస్తుంటే చొక్కాలు విప్పి విసురుకున్నారట. తను ఒక్క వైరు కత్తిరించగానే అది మైనస్ నలభైకి పడిపోయి, నడి మే నెల ఎండలో స్వెటర్లు వెతుక్కున్నారట.

"మన దగ్గర విమానం ఏడ దిగింది పాణీ?" అన్నాడు రత్నం. డోర్నకల్‌లో రైల్వే పని చేసి రిటైరైన మనిషి, రాకపోకల లెక్క తప్పితే ఊరుకోలేడు.

"నడుమ అడ్డం రాకు రత్నమన్నా. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? సెన్సర్ పీకి గిట్ల చంకల పెట్టుకున్న. ల్యాప్‌టాపుల ఏం పడ్డదనుకున్నరు? నూట రెండు. ఇంజనుది కాదు, నాది. నాకు జెరమున్నదని నాకే తెల్వదు."

మర్నాటి నుంచి షెడ్డు ముందు రోగుల క్యూ. డాక్టర్లే చీటీలు రాసి పంపేవారట. చంకలో సెన్సర్ పెట్టి, జ్వరం చూసి, రేడియేటర్ ఫ్యాను ముందు కాసేపు నిలబెడితే టైఫాయిడైనా దిగిపోయేదట. ఓసారి ఆ ఫ్యాను ఆపడం మరిచి ఇంటికెళితే తెల్లారేసరికి ఖిలా అంతా చల్లబడి, కీర్తితోరణం మీది రాతి హంసలు వణికాయట. ఫొటోలు దిగడానికి వచ్చినవాళ్లు శాలువాల కోసం స్టేషన్ రోడ్డుకు పరిగెత్తారట.

కట్టమ్మ నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇంకో రోజైతే జోయెల్ కూడా నవ్వేవాడే. ఇవాళ నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. వట్టి అలసట వచ్చింది. గోడ గడియారం పది దాటింది.

సేటు బండి ఇప్పుడెలా ఉందని రత్నం అడిగాడు. తన చెయ్యి పడ్డ బండి మళ్లీ షెడ్డు ముఖం చూడదని సారంగపాణి తొడ చరిచాడు.

అప్పుడే ఫోన్ మోగింది. సారమ్మ. జోయెల్ ఫోన్ ఎత్తి, స్పీకర్ నొక్కి, సారంగపాణి చేతిలో పెట్టాడు.

"మా పెద్దమ్మ. బండి సంగతేందో నువ్వే చెప్పన్నా."

అవతల ముందు ఆయాసం వినబడింది, తర్వాత మాట. "జోయెలా, బయలెల్లినవా బిడ్డా? కాళ్లు బాగ పొంగినయ్‌రా."

"జోయెల్ కాదమ్మా. మెకానిక్‌ను."

"నువ్వా బిడ్డా. బండి అయిందా?"

అయిపోయినట్టే అనడానికి సారంగపాణి నోరు అలవాటుగా తెరుచుకుంది. కట్టమ్మ నవ్వడం ఆపేసింది. రత్నం గ్లాసు కింద పెట్టాడు. ఎవరూ అతనికి సాయం రాలేదు.

"కాలేదమ్మా," అన్నాడు చివరికి. ఆ గొంతు జోయెల్ ఎప్పుడూ వినలేదు. "సెన్సర్ మార్చిన, వైరంత చూసిన. తప్పు ఏడున్నదో నాకు దొరుకుతలేదు. ఇయ్యాల కాదు."

సారమ్మ తిట్టలేదు.

"గా ముక్క పొద్దుగాల్నే చెప్పరాదు బిడ్డా," అంది. "నా కండ్ల ముందర్నే హన్మకొండ బస్సులు రెండు పోయినయ్."