టైలర్ మాస్టారు పంచదార మానేసిన వైనం

మా వీధి టీ కొట్టులో బల్ల ఒకప్పుడు రెండు వైపులా సమానంగా ఉండేది. టైలర్ మాస్టారు పంచదార మానేసి సన్నబడడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఆయన కూర్చునే వైపు నాలుగు వేళ్ళు కిందికి దిగింది. కొట్టు అక్క ఆ వైపు బల్ల కాలు కింద ఒక ఇటుక ముక్క పెట్టింది. మనిషి సన్నబడ్డానని చెబుతుంటే ఇటుక మాట ఎత్తడం మర్యాద కాదు.

ఆ సాయంత్రం బల్ల మీద నలుగురం ఉన్నాం. మాస్టారు, బస్సు డ్రైవరన్న, వడ్రంగి బాబాయి, నేను. డ్రైవరన్న ఒళ్ళో సంచి, సంచిలో కొత్త కోటు. మర్నాడు పొద్దున పది గంటలకి డిపోలో ఆయన రిటైర్మెంటు సభ. ముప్ఫై ఒక్క ఏళ్ళు యూనిఫాం చొక్కాలో స్టీరింగు తిప్పిన మనిషికి జన్మలో మొదటి కోటు అది. అది వేసుకుని దిగిన ఫొటో డిపో గోడకి ఎక్కుతుంది. అంతా బాగానే ఉంది గానీ, మధ్య గుండీ కాజా దాకా రావడం లేదు. రెండు వేళ్ళ దూరంలో ఆగిపోతోంది.

ఇందులో తన తప్పేమీ లేదనీ, తప్పంతా డ్రైవరన్న టీలో పడే మూడు చెంచాల పంచదారదనీ మాస్టారు ముప్ఫై అయిదు రోజుల కిందటే తీర్పు చెప్పేశారు. ఆ రోజు నుంచీ డ్రైవరన్న పంచదార ముట్టలేదు. చప్పిడి టీ గ్లాసు చేతిలో పట్టుకుని, అందులో దగ్గరి బంధువెవరో పోయినట్టు చూస్తూ తాగుతున్నాడు.

"మాస్టారూ, రేపే సభ. ఈ గుండీ..." అన్నాడు.

"అన్నా, నువ్వు గుండీ గురించి ఆలోచించకు. పంచదార గురించి ఆలోచించు."

"అదే ఆలోచిస్తున్నానండీ, పొద్దస్తమానం."

మాస్టారు మెడలోంచి గుడ్డ టేపు తీసి డ్రైవరన్న పొట్ట చుట్టూ తిప్పారు. "ఇదిగో, అందరూ చూడండి. మొదట్లో నలభై. పోయిన వారం ముప్ఫై తొమ్మిది. ఇవాళ ముప్ఫై ఎనిమిది! కోటు ఎంతకి కోశాను? నలభైకి. బల్ల మీద చెక్క స్కేలు పెట్టి, సుద్దతో గీత గీసి మరీ కోశాను. వెంట్రుకవాసి తేడా ఉండదు."

"ముప్ఫై ఎనిమిదైతే మరి నలభై కోటు ఎందుకు పట్టడం లేదండీ?"

మాస్టారు టేపు మళ్ళీ మెడలో వేసుకున్నారు. "కొలత తగ్గిందన్నా. ఆ సంగతి ఒంటికి ఇంకా తెలియలేదు."

"పోనీ పక్క కుట్టు కొంచెం విప్పి..."

"విప్పడమా!" మాస్టారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "ఇరవై రెండేళ్ళుగా కుడుతున్నాను. నా చేత్తో వేసిన కుట్టు నా చేత్తో విప్పలేదు. కోటు నీ దగ్గరికి రాదు, నువ్వే కోటు దగ్గరికి వెళ్ళాలి. నా సంగతే తీసుకో. గొప్పలు చెప్పుకునే మనిషిని కానని మీ అందరికీ తెలుసు."

మేమందరం టీ తాగాం.

"నేను మొదట పెద్దగా ఏమీ చెయ్యలేదు. నాలుగు నెలల కిందట, టీలో మూడు చెంచాలు వేసుకునేవాణ్ణి, రెండు చేశాను, అంతే. నడుం చుట్టుకొలత నలభై ఆరు ఉండేది నలభై అయిదయింది. సరే కదా అని ఇంకో చెంచా తీసేశాను, నలభై నాలుగు. మూడోదీ తీసేశాను, నలభై మూడు. చెంచాకి అంగుళం! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెంచాలు అయిపోయాయి," అంది అక్క స్టవ్వు దగ్గర్నుంచి.

"నా గ్లాసులో అయిపోయాయి గానీ ఇంట్లో డబ్బా ఉంది కదమ్మా! దాన్నీ తీయించేశాను. మా ఇంట్లో చీమలు నిన్నటివీ మొన్నటివీ కావు, మా నాన్నగారి రోజుల నుంచీ ఉన్నాయి. మొదటి రోజు డబ్బా ఉండే చోటు చుట్టూ తిరిగాయి. రెండో రోజు గోడ మీద మీటింగు పెట్టుకున్నాయి. మూడో రోజు గుడ్లు నెత్తిన పెట్టుకుని, పిల్లలు మధ్యలో, ముసలివి వెనకాల, వరసగా గుమ్మం దాటి పక్కింటికి వెళ్ళిపోయాయి. చివరి చీమ గడప మీద ఆగి నా వంక ఒక్క చూపు చూసింది. నా పెళ్ళినాడు మా అత్తగారు కూడా అలా చూడలేదు."

"ఆ పక్కిల్లు మాదే కదా," అన్నాను నేను. "ఈ మధ్య చీమలెందుకు ఎక్కువయ్యాయా అనుకుంటున్నాను."

"నీకు ముందే కబురు పెడదామనుకున్నా, పనిలో పడి మరిచిపోయా."

"చీమల సంగతి సరేనండీ," అన్నాడు డ్రైవరన్న, "నా గుండీ..."

"దాని దగ్గరికే వస్తున్నా." అని మాస్టారు ఇంకో వైపు వెళ్ళిపోయారు. "మందుల షాపులో బరువు మిషను ఎక్కాను. ముల్లు ఇలా కొంచెం వణికి ఆగింది. షాపాయన 'ఎక్కండి మాస్టారూ' అంటాడు. 'ఎక్కే ఉన్నానయ్యా' అంటాను. 'పరాచికాలొద్దు, వెనకాల జనం ఉన్నారు, ఎక్కండి' అంటాడు. తీరా వంగి చూసి, 'అయ్యో, ఇది మీ చెప్పుల బరువండీ' అన్నాడు. చెప్పులు విప్పి ఎక్కాను. ముల్లు సున్నా మీదికి వెళ్ళి హాయిగా పడుకుంది."

బల్ల కిర్రుమంది. ఎవరూ దాని వైపు చూడలేదు.

"ఇక షాపులో ఫ్యాను వేశారంటే నా పని అయినట్టే. కుట్టు మిషను ముందు నుంచి లేచి గోడకి అంటుకుపోయేవాణ్ణి. మా ఆవిడ వచ్చి కాలెండరు దించినట్టు దించేది. చివరికి విసుగెత్తి ఏం చేసిందో తెలుసా? బయటికి వెళ్ళేటప్పుడు ఎడమ జేబులో ఇస్త్రీ పెట్టె, కుడి జేబులో కత్తెర పెట్టి పంపడం మొదలుపెట్టింది. పాత కత్తెర కాదు, అది పావు కేజీ కూడా ఉండదు. కొత్తది, ఇనుపది, చలికోట్ల మందం గుడ్డ కోసేది. రెండు కేజీలు! దాన్ని కొని సరిగ్గా నాలుగు నెలలు."

వడ్రంగి బాబాయి అప్పటిదాకా నోరు విప్పలేదు. ఆయన ఇంట్లో తలుపు ఊడిపోయినా నాలుగు మాటల కంటే ఎక్కువ మాట్లాడడు. "కొట్టు కట్టేశాక ఆ కత్తెర ఎక్కడ పెడతారు?" అన్నాడు.

"మంచి ప్రశ్న అడిగావు బాబాయ్. అది మా గురువు నేర్పిన పద్ధతి. ఏ టైలరైనా తెల్లారి లేచి వెతుక్కునేది రెండే, టేపు, కత్తెర. నేను టేపు ఒక కొస మేకుకి తగిలిస్తాను, రెండో కొసకి కత్తెర కడతాను. తెల్లారేదాకా గోడకి వేళ్ళాడుతూ ఉంటాయి. ఇరవై రెండేళ్ళు, ఒకటే టేపు! ఒక్కనాడు పోలేదు."

బాబాయి తల ఊపి మళ్ళీ గ్లాసులోకి చూసుకున్నాడు.

"ఎక్కడున్నాం? ఆ, ఇస్త్రీ పెట్టె. ఒకరోజు కుట్టిన కోటు ఎలా కుదిరిందో చూద్దామని నేనే తొడుక్కుని చూసుకుంటున్నా. మా ఆవిడ వచ్చి, లోపల నేనున్నానని కూడా చూసుకోకుండా, కోటుతో సహా నన్ను హేంగరుకి తగిలించేసింది. ఇంతలో ఆ కోటు తాలూకు పెద్దమనిషి వచ్చాడు. నా మీదే తొడుక్కున్నాడు. అద్దంలో అటూ ఇటూ తిరిగి, 'లైనింగు భలే వెచ్చగా ఉందమ్మా' అన్నాడు."

"మీరు నోరెత్తలేదా?" అన్నాను.

"లైనింగు మాట్లాడితే కస్టమరు జడుసుకోడూ?"

డ్రైవరన్న ముందుకి వంగాడు. ఆయన నవ్వడం లేదు. "మాస్టారూ, లోపల మీరుండగా కూడా ఆయనకి గుండీ పట్టిందా?"

"పట్టింది. ఎందుకు పట్టదు?"

"నా కోట్లో నేనొక్కణ్ణే ఉంటున్నానండీ. అయినా పట్టడం లేదు."

మాస్టారికి పొలమారింది. అక్క మంచినీళ్ళు ఇచ్చింది. ఆ నీళ్ళు దిగేలోపల ఆయన ఇంకా పెద్దది ఏదో వెతుక్కుంటున్నారని మాకు తెలుస్తూనే ఉంది.

"ఇది ఎవరికీ చెప్పలేదు," అన్నారు గొంతు తగ్గించి. "పోయిన మంగళవారం సూదిలోకి దారం ఎక్కిస్తున్నాను. బెజ్జం కంటికి ఆనించి చూస్తే అవతల వెలుతురు కనిపించింది. అవతల ఎలా ఉంటుందో అని చెయ్యి పెట్టాను, వెళ్ళింది. తల పెట్టాను, వెళ్ళింది. భుజాలు కాస్త ఏటవాలుగా తిప్పాను. దిగిపోయాను అవతలికి!"

"జేబులో ఇస్త్రీ పెట్టెతోనా?" అంది అక్క.

"ఇవతల పెట్టి వెళ్ళానమ్మా, ఆ మాత్రం తెలియదా నాకు."

"అవతల ఏముంది?"

"మన షాపే. వెనక నుంచి." మాస్టారు గంభీరంగా తల పంకించారు. "నిలబడి చూస్తున్నానా, మా ఆవిడ టీ అంది. బెజ్జంలోంచి చెయ్యి చాపి గ్లాసు అందుకుని తాగేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మహాతల్లి మరిచిపోయి అందులో అర చెంచా పంచదార వేసింది! ఇవతలికి వస్తుంటే నడుం దగ్గర పట్టేసింది. తల ఇటు, కాళ్ళు అటు. మూడు గంటలు! మధ్యలో ఎవరో గౌను కోసం వచ్చి మాస్టారున్నారా అని అడిగితే, పాపం మా ఆవిడ మాత్రం ఏం చెబుతుంది? 'సగం బయటికి వెళ్ళారండీ' అంది. చివరికి మిషను నూనె రెండు చుక్కలు వేసి లాగింది."

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి డ్రైవరన్న వైపు వేలు చూపించారు. "అర చెంచాకి నా గతి అదయితే, ముప్ఫై ఒక్క ఏళ్ళు మూడేసి చెంచాలు తాగిన నువ్వు కోటుని అంటావా? మానేశానంటున్నావు గానీ, నువ్వు ఎక్కడో చాటుగా తింటున్నావన్నా. మనలో మనకేంటి, ఒప్పుకో."

డ్రైవరన్న ముఖం వాడిపోయింది. "లేదండీ. మనవడి పుట్టినరోజుకి కేకు కోస్తే నేను తినలేదు. వాడు తన చేత్తో నా నోటికి అందించాడు, తల తిప్పుకున్నాను. వాడు ఏడ్చాడు. వేలికి అంటిన క్రీము కూడా కుళాయి కింద కడిగేసుకున్నాను. రేపు ఆ ఫొటోలో గుండీ విప్పుకుని నిలబడితే, ముప్ఫై ఒక్క ఏళ్ళూ ఇలాగే నిలబడ్డాననుకుంటారు, చూసినవాళ్ళు."

అక్క స్టవ్వు మంట తగ్గించింది.

వడ్రంగి బాబాయి గ్లాసు కింద పెట్టాడు. "మాస్టారూ, ఆ టేపు ఇలా ఇవ్వండి."

"ఎందుకు?"

"ఇవ్వండి."

బాబాయి గుడ్డ టేపుని బల్ల మీద పొడుగ్గా పరిచి, నడుముకున్న స్టీలు టేపు లాగి పక్కన పెట్టాడు. రెండింటి మొదళ్ళూ కలిపాడు. మేం అవతలి కొసకి వెళ్ళి చూశాం. గుడ్డ టేపు అరవైతో ఆగిపోయింది. ఆ అరవై పక్కన స్టీలు టేపు మీద అరవై అయిదు ఉంది.

"మీ అరవై, నా అరవై అయిదు," అన్నాడు బాబాయి. "స్టీలు సాగదు. రెండు కేజీలు కట్టి వేళ్ళాడదీస్తే గుడ్డ సాగుతుంది. మనిషిని సాగిన టేపుతో కొలిచారు, గుడ్డని చెక్క స్కేలుతో కోశారు. అన్న లావెక్కలేదు. కోటే చిన్నదయింది."

బాబాయి ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడడం మా వీధిలో ఎవరూ ఎరగరు.

మాస్టారు టేపు వంక, పొట్ట వంక మార్చి మార్చి చూసుకున్నారు. "మరి నా నలభై మూడు?"

అక్క బిస్కెట్ పొట్లాలు కట్టే దారం అందించింది. బాబాయి దాన్ని మాస్టారి నడుం చుట్టూ తిప్పి, కలిసిన చోట వేలితో పట్టుకుని, స్టీలు టేపు పక్కన చాపాడు.

"నలభై ఆరున్నర."

"మొదట నలభై ఆరే కదా," అన్నాను నేను, ఊరికే గుర్తు చేద్దామని.

"ఇటుక పెట్టినప్పుడే అనుకున్నా," అంది అక్క.

డ్రైవరన్న తన గ్లాసు మెల్లగా అక్క వైపు జరిపాడు. "మూడమ్మా," అన్నాడు. అక్క వేడి టీ పోసి నాలుగు వేసింది. నాలుగోది మాస్టారి తరఫునట. డ్రైవరన్న మొదటి గుక్క నోట్లోనే ఉంచుకుని కళ్ళు మూసుకున్నాడు. స్టాండులోకి వచ్చి ఇంజను ఆపేసిన బస్సులా ఉన్నాడు.

మాస్టారు సంచిలోంచి కోటు తీసుకున్నారు. ఒళ్ళో తిరగేసుకుని, లైనింగు ఎత్తి, చిన్న కత్తెరతో పక్క కుట్టు ఒక్కొక్క పోగే తెంపారు. ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి కాబట్టి మేం కూడా లేచి నిలబడి చూశాం. కుట్టు లోపల రెండు వైపులా బోలెడంత బట్ట మడిచి ఉంది. ఎన్ని చెప్పినా పని తెలిసిన మనిషి. కావలసినంత వదిలే ఉంచారు.

"ముందు చేత్తో కచ్చా కుట్టు వేసి చూపిస్తాను," అన్నారు నేల చూపులు చూస్తూ. "తర్వాత షాపుకి వెళ్ళి మిషను మీద వేస్తాను. పొద్దున ఎనిమిదింటికల్లా నీ ఇంటికి నేనే తెస్తానన్నా. గుండీ నేనే పెడతాను."

కాలరులో గుచ్చుకున్న సూది తీసి దారం ఎక్కించబోయారు. తప్పింది. కొస నోట్లో తడిపి మళ్ళీ పెట్టారు, పక్కకి పోయింది. స్టవ్వు మంట వైపు తిరిగారు. సూది దూరం పెట్టారు, దగ్గర పెట్టారు. నాలుగోసారి కూడా దారం బెజ్జం పక్కనుంచే వెళ్ళిపోయింది.

డ్రైవరన్న రెండో గుక్క మింగి కళ్ళు తెరిచాడు. ముప్ఫై అయిదు రోజుల తర్వాత ఆయన ముఖంలో రంగు వచ్చింది.

"మాస్టారూ, పోయిన మంగళవారం మీరు దూరిన సూది ఇదేనా?"

"ఇదే," అన్నారు మాస్టారు, అలవాటు కొద్దీ.

"అయితే ముందు ఆ దారాన్ని పంచదార మానెయ్యమనండి."