గోదాట్ల దొరికిన పేరు

“శ్రీపాలూ, ఓ శ్రీపాలూ, జర ఇటు రా.”

నర్మెట్టలో తెలంగాణ దీక్షా శిబిరం పక్కనే ఖమర్ బీ చాయ్ బండి. పిలిచింది తండా నుంచి వచ్చిన ప్రేమ్‌సింగ్. అతని చేతిలో దీక్షకు కూర్చునేవాళ్ల జాబితా. అందులో అతని పేరు ‘ప్రేమ్’ దగ్గరే తెగిపోయి, పక్కన ఒక ఖాళీ డబ్బా పడింది. ఆ పేరు నీది కాదని పొద్దున శిబిరంవాళ్లు అతన్ని వెనక్కి పంపారు.

“రేపన్న నా పేరుంటదా? నా పెండ్లాం సోమ్లీ తండా అంత చెప్పుకున్నది.”

జాబితా కొట్టింది నెట్ సెంటర్ శ్రీపాల్. బల్ల మీద, అదే సెంటర్‌లో పనిచేసే రాజీ కొత్త జాబితా ఒళ్లో పెట్టుకొని చాయ్ ఊదుకుంటోంది. ఆమె వింటుంటే శ్రీపాల్ గుండె పత్తికాయలా పగిలి తెల్లగా విచ్చుకుంటుంది. ఇక మాట ఆగదు.

“ఉంటదన్నా, చిన్న పని. యూనికోడ్ల ఇంగ్లీషు అక్షరం ఒక్క గడిల కూసుంటది. మన తెలుగుది అక్షరానికి మూడు గడులు, గుడికి మూడు, సున్నకు మూడు. పేరుకు ఇరవై గడులే ఇచ్చిర్రు. నీది నడిమిట్ల తెగింది.”

“ఎవలిచ్చిర్రు ఇరవై?” రాజీ అడిగింది.

“గదంత పెద్ద కథ. తెగిన తోకలు ఊకుంటయా, తీగల పడి ఉరికినయి, నేను ఎంబడి పడ్డ. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? జనగామల జనంతోని కలిసి రైలు పట్టాల మీద కూసున్నయి.”

“అక్షరాలా?” ఖమర్ బీ చాయ్ వడబోస్తూ అంది.

“ఔ ఖాలా. పోలీసులు లేపితే లేవలే. సున్నలైతే దొర్లుకుంట దొర్లుకుంట పోయి మహదేవపూర్ కాడ గోదాట్ల పడ్డయి. దునికిన. ఒక్క మునుగుడుకు ఏడు వందల సున్నలు. అన్నా, నీ ‘సింగ్’ను మొసలి పండ్ల నడుమ పట్టుకొని చదువుతున్నది.”

“మొసలికి చదువొచ్చునా?”

“యూనికోడ్ గదన్నా, అందరికొస్తది. గింతలనే ఢిల్లీ కంప్యూటర్ ఫోను కొట్టింది. ‘శ్రీపాలన్నా, రాష్ట్రం రేపే ఇస్త, జర నన్ను ఇడిసిపెట్టు’ అని.”

“ఎప్పుడైందిదంత?”

“ఇయ్యాలనే. పగటాల రెండు నుంచి నాలుగు దాక.”

ఖమర్ బీ గిన్నె దించి అతని గడ్డం పట్టి తిప్పింది. చెంప మీద వరుసగా చదరపు అచ్చులు, ఎర్రగా.

“గోదాట్ల కీబోర్డు మీద పండుకొని ఈదినవా బిడ్డా? మూడింటికి నేను చాయ్ తెస్తే గుర్రు పెడుతున్నవ్. రాజీ ఒక్కతే జాబితా కొడుతున్నది.”

బండి చుట్టూ నవ్వులు. ప్రేమ్‌సింగ్ మాత్రం నవ్వలేదు, పాత కాగితాన్నే చూస్తున్నాడు. శ్రీపాల్ గొంతు తగ్గించాడు.

“ఇరవై పెట్టింది నేనే అన్నా. ఇంగ్లీషు లెక్కన పెట్టిన. నీ పేరు కోసింది నేను, అతికిచ్చింది రాజీ.”

రాజీ కొత్త జాబితా అందించింది. రేపటి వరుసలో మొదటి పేరు, ప్రేమ్‌సింగ్, కొస దాకా. అతను దాని మీద వేలు పెట్టి నడిపించి, మీసం చాటున నవ్వాడు.

“మరి గోదారిల ఎందుకు దునికినవ్?” రాజీ అడిగింది.

శ్రీపాల్ ఆమె చేతిలోని గ్లాసు వైపు చూశాడు. చాయ్ ఎప్పుడో అయిపోయింది.

“కథ అయిపోతే నువ్వు లేసి ఇంటికి పోతవని.”