గోటి గీతలు

మూడు వారాల తర్వాత ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన మామగారు, చెప్పులైనా విడవకుండా వరండాలో మందారం కుండీ ముందు కూర్చున్నారు. తొమ్మిదేళ్లుగా రాగి తీగ చుట్టి, కొమ్మలు కత్తిరించి ఆయన జానెడు ఎత్తులో నిలిపిన చెట్టు అది. కోడలు వెనకాలే వచ్చి నిలబడింది.

"ఒక్క ఆకైనా లేదేమ్మా?"

"పక్క కుండీలన్నీ చిగురేశాయి మామయ్యా. ఇదొక్కటే మోడులా ఉండిపోయింది. మీ అబ్బాయి రెండుసార్లు పారేయబోతే నేనే ఆపాను."

"వాడికేం తెలుసు! ఇది చలికాలంలో ఆకు రాల్చే రకం. దీనిది కుంభకర్ణుడి నిద్ర, అన్నీ లేచాక గానీ లేవదు. సరేగానీ, మొదలంతా ఈ గీతలేంటి?"

ఆమె చేతులు వెనక్కి దాచుకుంది.

"గోటితో గీకితే లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టేనని మీరే చెప్పారుగా."

"ఒక్కసారి గీకమన్నాను తల్లీ! ఇక్కడ ఇరవై గీతలున్నాయి."

"పచ్చగానే కనిపించేది. తెల్లారేసరికి మళ్లీ అనుమానమొచ్చేది."

ఆయన మెల్లగా ఒక చెప్పు విడిచి, పాదం ముందుకు చాపారు. దాని మీద ఎర్రటి గీతలు ఇంకా పూర్తిగా మానలేదు.

"నాకు స్పృహ లేనన్నాళ్లూ పక్కన కూర్చున్నది నువ్వేనటగా?"

"అవును మామయ్యా."

"అదీ సంగతి! పాపం ఆ నర్సు, దద్దుర్లనుకుని పూటపూటా మందు రాసింది."