ఒకటంటే అవును, రెండంటే కాదు

హలో… ఆ, నేనే… నేనే, ఉప్పలమ్మను.

ఆ?… ఇనవస్తలేదు, జర గట్టిగ అను… ఎవరు, పెద్దులా?… మరిదీ, ముందుగాల ఒక్కటే చెప్పు. మీ అన్న ఉన్నడా?

…ఉన్నడా? నా మీద ఒట్టు పెట్టి చెప్పు.

…ఆ… ఆ… లేదు, ఏడుస్తలేను. ఇగో, పోస్టుమాస్టరు రామచంద్రయ్యసారు కుర్చీ జరిపిండు. కూసుంటున్న.

నీకేం తెలుసు పెద్దులూ, నా పానం పొద్దుగాలనే పోయింది. పోస్టు యోహాను వాకిట్ల నిలవడి, పట్నం నుంచి నీకు ట్రంకాలున్నదట, నాలుగ్గంటలకు మోత్కూరు పోస్టాఫీసుల ఉండాల్నట, అని చెప్పి పాయె. ఎందుకట అంటె నాకేం తెలుసన్నడు. మన వాడకట్టుకు ఫోనుల మంచి కబురు ఎన్నడన్న వచ్చిందా? పోయినేడు సావిత్రమ్మకు చావు కబురు గిట్లనే వచ్చింది. గామె గీ పోస్టాఫీసు గడపలనే కూలవడ్డది. ఇయ్యాల నేను గదే గడప దాటి వచ్చిన…

…సరె, సరె. మంచిగున్నడంటున్నవ్ గద. బువ్వ తింటున్నడా?… గంజా? గంజైతె గంజి. గొంతుల గడ్డ కోసి తీసిన మనిషికి గంజి దిగితె సాలు.

కట్టు ఇయ్యాల ఇప్పుతమన్నరు గద… ఇప్పిన్రా. మరి డాక్టరేమన్నడు?

…గదే, మాట సంగతి. మాట వస్తదన్నడా?

నసుగుతవేంది పెద్దులూ?… ఓ పెద్దులూ…

…ఆయనకే ఇస్తవా? మాట్లాడొద్దన్నరంటివి గద… ఇంటె ఏం కాదా? అయితె ఇయ్యి. చెవు కాడ పెట్టు—ఆగు. ఒక్క నిమిషమాగు. కొంగుతోని మొకం తుడుసుకోని… ఆయనకు కనవడదు, ఎరికే. అయినా ఆగు… ఆ. ఇయ్యి.

…

నేనే.

…ఇంటున్నవా?

ఏందది, టక్కుమన్నది? సారూ, ఫోను ఖరాబైందా?… పెద్దులూ, ఏంది గా సప్పుడు?… ఆయనేనా? ఫోను మీద గోరుతోని కొడుతున్నడా?… ఆ… ఒకటంటె అవును, రెండంటె కాదు. సమజైంది. ఇగ నువ్వు పక్కకు పో, ఆయనకే ఇయ్యి.

ఇంటున్నవా?… ఒకటి. ఆ.

నొస్తున్నదా?… ఒకటే. ఇరవై ఏండ్ల కాపురంల నొప్పని ఒక్కనాడన్న ఒప్పుకున్నవా నువ్వు? నోరుంటె అబద్ధాలు, గోరైతె నిజమన్నట్టు.

డాక్టరేమన్నడో… తర్వాత అడుగుత. ముందుగాల నేను చెప్త, నువ్వు ఇను.

నాలుగ్గంటల దాక ఇంట్ల కూసుంటె పిచ్చి లేస్తదని పొద్దటి పూటనే బయలెల్లిన. బజారు పని ఎట్లనన్న ఉన్నది గద. మిరపకాయలు పట్టిచ్చిన. గిర్ని కాడ నేను తుమ్ముడు పెడితె ఏడు తుమ్ములు. గిర్నాయన లెక్క పెట్టిండు, ఎనిమిదోది రాకపాయెనని రంది పడ్డడు. నాకు నవ్వొచ్చింది. నవ్వినంక మళ్ల నువ్వు యాదికొచ్చినవ్. నువ్వెట్లున్నవో తెల్వదు, ఆడ ఏమైందో తెల్వదు, నేను ఈడ నవ్వవడితి. చెంపలేసుకున్న, గిర్ని కాడనే.

ఇంకోటి… నీకు చెప్పొద్దనుకున్నం. రాముని కిరీటం ఎలుకలు కొట్టినయి. నవమి ఆటకు ఇరవై దినాలు సుత లేవు. లింగయ్య వచ్చి, బోడి తలకాయతోని రాముని వేషం ఎట్ల కట్టాలె వదినే అని ఏడుపు మొకం పెట్టిండు. నేనే అట్ట కోసిన. మగ్గం పడుగుకు పెట్టే గంజే ఉడికిచ్చి కాయితాలు అంటిచ్చిన. పసుపు రంగేసిన. నడుమ నెమలి ఉండాలె గద. ఎప్పుడు నువ్వే గీస్తుంటివి. ఈ మాటు నేను గీసిన. లింగయ్య ఇటు తిప్పి అటు తిప్పి చూసి, కోడి మంచిగున్నది వదినే, అన్నడు…

…ఏంది, గన్ని మాట్లు కొడుతున్నవ్? నవ్వుతున్నవా?… ఒకటి. నవ్వకు, కుట్లు తెగుతయి.

గందుకే ఇయ్యాల నీలిరంగు పొట్లం కొన్న, తోక దిద్దుదామని. మూడుగొట్టంగనే ఈడికొచ్చిన. ఇంక గంట ఎట్ల గడవాలె? పోస్టాఫీసు అరుగు మీద కూసోని దుమ్ముల వేలుతోని నెమలి గీసిన. ఒకటి గీసిన, చెరిపిన. ఇంకోటి, మళ్లొకటి. నాలుగోది… నిజంగ నెమలే. మెడ తిప్పి చూస్తున్నట్టు వచ్చింది. ఒక ముసలాయన కార్డు కొనుక్కోని పోతా, దాన్ని తొక్కకుంట గోడ పొంటి జరిగి పోయిండు. నాకు ఎంత సంబురమైందో… గప్పుడే లోపల గంట మోగింది. నా పేరు పిలిచిన్రు.

…ఎవరు, లైను కలిపే అమ్మనా?… మూడు నిమిషాలైనయా? ఇంక మూడియ్యి తల్లీ. సారు ఇప్పిస్తనంటున్నడు… ఆ.

ఉన్నవా?… ఒకటి.

ఇగ అడుగుత. జట్టు మొత్తం రోజు వచ్చి వాకిట్ల నిలవడుతున్నరు, గురువెన్నడొస్తడు, మాకు పాటెన్నడు చెప్తడని. తాళం కొట్టే చిరుతలు చూరుకే వేలాడుతున్నయి. నువ్వు లేని మగ్గం గుంట చూస్తె నాకు పానం కొట్టుకుంటాంది… అడగాల్నా?… ఒకటి.

మాటొస్తదా నీకు?

టక్… 

లైను కర్రుమంటున్నది. రెండోది కొట్టినవా, లైను సప్పుడా? మళ్ల కొట్టు. నింపాదిగ కొట్టు. మాటొస్తదా?

ఒకటి…

…రెండు.

…

ఉన్న. ఈడనే ఉన్న. పోలే.

డాక్టరు తప్పు చెప్పిండేమో?… రెండు.

ఇంకొన్నాళ్లకు?… రెండు. సరె.

గుసగుసలన్న?… ఒకటి. గుసగుసలొస్తయి. నాకు సాలు. నా చెవు కాడ గుసగుస అంటె నాకు సాలు. గని పాటకు గుసగుస ఏం పనికొస్తది… పాట పోతె నువ్వేమైపోతవో అని నాకు గదే భయం. చావు కబురేమో అని వచ్చిన. గది తప్పింది. ఇది చిన్నదనుకోవాల్నా?

…ఏంది? ఏందో కొడుతున్నవ్. ఒకటి కాదు, రెండు కాదు. నవ్వుతున్నవా?… రెండు. మళ్లనేంది?

ఆగు… టక్, టక్, టకటక్… టక్, టక్, టకటక్… 

గిది దరువు గదా. రాముడు కొలువుకొచ్చే దరువు. నువ్వు మగ్గం మీద కూసోని పాట ఎత్తితె, నేను నూలు కండెలు చుట్టుకుంట వంత పాడేది.

ఎందుకు కొడుతున్నవ్? ఆపు. జనం చూస్తున్నరు.

…ఆపవా?

…నేనా?

ఒకటి.

నాకెట్లొస్తది? వంత పాడిన గని ఎన్నడన్న నేను పాట ఎత్తిన్నా? నాలుగ్గోడల నడుమ పాడినదాన్ని, జట్టుల గంతమంది మగోళ్లకు నేను పాట చెప్పాల్నా?… ఒకటి. మంది ఏమంటరు?… గదానికి కొట్టవు. దరువే కొడుతున్నవ్.

నాకు భయమైతాంది. పొద్దటి కంటె ఇప్పుడే ఎక్కువైతాంది. ఈడ కార్డులకొచ్చినోళ్లు పదిమందున్నరు, యోహాను తలుపు కాడ నిలవడ్డడు. ఇంటికి పోయినంక పాడుత, ఏమంటవ్?… రెండు. ఇప్పుడేనా?… ఒకటి.

నీకు నొస్తున్నదంటివి, నీ వేలు సుత నొస్తదేమో… ఆపవు గద? నడుమల ఆపితె నా పానం ఆగుతది. ఆపవు గద?… ఒకటి.

వచ్చెనే… ఆగు. దరువు తప్పిన. మళ్ల మొదటి నుంచి కొట్టు.

వచ్చెనే రాముడూ… వాన చినుకుల నడుమా… వాకిళ్లు ఊడ్చరే, వాడ పడుచులారా…

మంచిగున్నదా?… ఒకటి.

వచ్చెనే రాముడూ… తడిసిన తలతోని… తలుపులు తీయరే…

హలో… దరువు ఆగింది… హలో, ఎవరమ్మా?… అయిపోయినయా మూడు నిమిషాలు?… ఇంక వద్దులే తల్లీ. ఆయన అలిసిపోతడు.

సారూ, గిదెట్ల పెట్టాలె… గిట్ల బోర్లనా?… ఏమన్నడా? ఏమనలే సారూ, దరువేసిండు.

…ఆ, నేనే. పాడింది నేనే.